సాక్షి సంతకం

ఖఫ్జీ
2017 సెప్టెంబర్ 23

తమ్ముడు శాంసన్‌కు,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశాను. నువ్వు మళ్లీ చేశావు, నేను ఎత్తలేదు. ఎత్తితే ఇంకో మాట పెరిగేది. నేను నర్సింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు ఎనిమిదో తరగతి చదువుతూ నాకు ఉత్తరాలు రాసేవాడివి. ఉత్తరాల్లో మనం ఎప్పుడూ పోట్లాడుకోలేదు. అందుకే కాగితం తీశాను. ఇక్కడినుంచి మీ రాబిగ్‌కి పోస్టు వారం పడుతుందట. మంచిదే, నీకు చేరేసరికి నా కోపం సగం తగ్గుతుంది.

సంగతి మొదటినుంచి చెబుతాను, ఈసారి అడ్డం రాకుండా విను. మా మరిది జాబేజ్ పనిచేస్తున్న ఖోబర్ కంపెనీలో సౌదీలు చాలినంతమంది లేక అది సర్కారువాళ్ల నితాఖత్ లెక్కలో పచ్చనుంచి పసుపు రంగుకి దిగిపోయింది. జనవరి నుంచి ఒక్కో పనివాడికి సర్కారు వసూలు చేసే లెవీ కూడా పెరుగుతుందట. డిసెంబర్ లోపల కొంతమందికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇండియా పంపేస్తారు. కంప్యూటర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను మాత్రం ఉంచుకుంటామన్నారు. జాబేజ్ ఆ పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ సర్టిఫికెట్ ఇదివరకే ఉన్నవాళ్లు ఎవరైనా, "ఇతను ఈ పనిలో ఐదేళ్లు ఉన్నాడు, నేనెరుగుదును" అని సాక్షి సంతకం పెట్టాలి. నీకు ఆ సర్టిఫికెట్ ఉంది. ఒక్క సంతకం అడిగితే ఆ పిల్లవాణ్ణి దొంగ అన్నావు.

మీ బావగారు స్టోర్స్‌లో ర్యాక్ మీదనుంచి పడి తొడ ఎముక విరిగినప్పుడు నువ్వు సెలవు మీద ఇండియాలో ఉన్నావు. నాకు వరసగా డ్యూటీలు. మూడు నెలలు, ప్రతి గురువారం సాయంత్రం జాబేజ్ ఖోబర్‌లో బస్సెక్కి వచ్చి అన్నకు స్నానం చేయించి, గడ్డం గీసి, శనివారం వెళ్లేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అతన్ని దొంగ అంటే నాకెలా ఉంటుంది?

ఇక్కడ ఎండ కాస్త తగ్గింది. నిన్న మార్కెట్లో చందువా చేప దొరికింది. పులుసు పెడితే మీ బావగారు, మీ తమ్ముడికి ఇష్టం కదా అన్నారు. నేను గిన్నె మీద మూత పెట్టేశాను.

లీలకూ, చిట్టి సుజితకూ నా ముద్దులు. నీకు ఈసారికి లేవు.

అక్క,
కెజియా


రాబిగ్
2017 అక్టోబర్ 6

అక్కా,

నీ ఉత్తరం తొమ్మిది రోజులకు చేరింది. సుజిత కవరు మీది స్టాంపు కత్తిరించి తీసుకుంది. అది పుట్టాక చూసిన మొదటి స్టాంపు అదే.

నేను జాబేజ్‌ను దొంగ అనలేదు. "అవి దొంగ ప్రశ్నలు" అన్నాను. నువ్వు చివరి మాట వినకముందే ఫోన్ పెట్టేశావు. పాసైన సంతోషంలో అతనే నాకు ఫోన్ చేసి చెప్పాడు: "బావగారూ, కోచింగ్‌వాళ్లు ఒక ఫైలు ఇచ్చారండి, నూటికి ఎనభై అవే వచ్చినాయండి." అసలు పరీక్షలోంచి బయటికి తెచ్చిన ప్రశ్నలవి. దాచుకోకుండా చెప్పాడంటే అది తప్పని అతనికి తెలియదు. అది అతని మంచితనమే అనుకో.

ఐదేళ్ల సంగతి వేరు. జాబేజ్ ఆ కంపెనీలో మూడేళ్లు కేబుళ్లు లాగాడు, ప్రింటర్లు బాగుచేశాడు, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు కొత్తవి ఇచ్చాడు. చిన్న పనులని నేననను. నేనూ అక్కడినుంచే వచ్చాను. కాని కాగితం మీద అడిగింది ఆ పని కాదు. మా ప్లాంటులో ఏ గొట్టంలో ఎంత ఒత్తిడి ఉండాలో, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో కంప్యూటర్లే చెబుతాయి. వాటిలోకి బయటివాడు దూరగలడా అని వెతకడం నా పని. నేను "ఫర్వాలేదు" అని రాసిన కాగితాన్ని నమ్మి మూడు షిఫ్టులవాళ్లు లోపలికి వెళతారు. రేపు జాబేజ్‌కు ఆ సర్టిఫికెట్ చూసి ఇలాంటి పనే అప్పగిస్తే అతనేం చేస్తాడు? పాపం, తెలియదని చెప్పడానికి కూడా వీలుండదు.

అందుకని సంతకం పెట్టలేను. బావగారికి అతను చేసిన సేవ నేను మరచిపోలేదు. ఇంకేదైనా అడుగు.

ఈ ప్రశ్నల ఫైళ్ల గురించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు నేను ఒక ఉత్తరం రాయాల్సి ఉంది. చాలాకాలంగా వాయిదా వేస్తున్నాను. ఇక రాసేస్తాను.

మా కాంపౌండులో ఇంట్లోవాళ్ల మీద లెవీ వేసినప్పటినుంచి మూడు కుటుంబాలు వెళ్లిపోయాయి. సుజితకు ఆడుకునే పిల్లలు తగ్గారు. సాయంత్రాలు నన్నే పిలుస్తోంది. మేం ముగ్గురం సముద్రం దాకా నడిచి వస్తున్నాం. నాకు బాగానే ఉంది.

నీ ముద్దులు లేకపోయినా,
నీ తమ్ముడు శాంసన్


ఖఫ్జీ
2017 నవంబర్ 18

శాంసన్‌కు,

జాబేజ్‌కు ఈమెయిల్ వచ్చింది. అతని దరఖాస్తు ఆపేశారు, పరీక్ష ఫలితం మీద విచారణ అట. ఐదేళ్ల పనికీ రుజువులు పంపమన్నారు. ఆ మెయిల్ చూసిన కంపెనీవాళ్లు అతని పేరు ఎగ్జిట్ జాబితాలో చేర్చారు.

సంస్థకు ఉత్తరం రాస్తానని నువ్వే నీ చేత్తో నాకు రాశావు. రాశావన్నమాట. నువ్వు సంతకం పెట్టనన్నప్పుడు బాధపడ్డానే గాని, నీ పద్ధతి నీదని ఊరుకున్నాను. వేరేవాళ్లెవరో పెడతామంటే దాన్నీ చెడగొట్టాలా?

మీ బావగారు నీ పేరెత్తడం లేదు. క్రిస్మస్‌కి వస్తామన్నారు కదా, ఈసారి వద్దులే. నాకు డ్యూటీ పడింది.

కెజియా


రాబిగ్
2017 డిసెంబర్ 9

అక్కా,

నువ్వు ఇది చించేయకుండా చివరిదాకా చదవాలి. ఆ ఒక్కటే అడుగుతున్నాను.

నేను ఉత్తరం రాసిన మాట నిజం. అందులో జాబేజ్ పేరు లేదు, ఖోబర్ పేరు లేదు. అది నా గురించి.

2010లో హైదరాబాద్‌లో నేను ఆ పరీక్ష రాశాను, నీకు గుర్తుందా? పాసయ్యానని ఫోన్ చేస్తే నువ్వు వార్డులో అందరికీ ఖర్జూరాలు పంచావు. ఆ పరీక్షకు వారం ముందు మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పుస్తకం ఇచ్చారు. మూడు వందల ప్రశ్నలు. మాదిరి ప్రశ్నలనుకున్నాను. హాల్లో కూర్చుని చూస్తే అవే ప్రశ్నలు, జవాబుల వరస కూడా అదే. అప్పుడు లేచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ముందు నేను ఏడాదిపాటు నిజంగానే చదివాను అక్కా. కాని చదివినందుకు పాసయ్యానో, చూసినందుకు పాసయ్యానో ఏడేళ్లుగా నాకే తెలియదు.

జాబేజ్ ఫోన్ చేసి ఆ ఫైలు గురించి చెప్పినప్పుడు నాకు కోపం వచ్చింది చూడు, అది అతని మీద కాదని తర్వాత అర్థమైంది. నీకు అక్టోబర్ ఉత్తరం పోస్టు చేసిన వారంలోనే ఇంకొకటి జరిగింది. మా దగ్గర ముసాబ్ అని ఒక సౌదీ ఇంజనీరు ఉన్నాడు. ఐదేళ్ల కిందట నితాఖత్ లెక్కలో చేర్చుకున్నారు, పని నేర్పమని నాకు అప్పగించారు. చురుకైనవాడు. మొదటిసారి ఆ పరీక్ష తప్పి, రెండోసారి పాసయ్యాడు. టీ తాగుతూ అడిగాడు: "ఉస్తాద్, మీరు మొదటిసారే పాసయ్యారట. ఎలా చదివారు?" నేను కప్పు కింద పెట్టి, పని ఉందని లేచి వెళ్లిపోయాను.

ఆ రోజే రాశాను. ఉన్నదున్నట్టు. నెల తర్వాత జవాబు వచ్చింది. సర్టిఫికెట్ వెనక్కి తీసుకున్నారు. స్వయంగా చెప్పాను కాబట్టి శాశ్వతంగా వెలివేయలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ రాసుకోవచ్చు. మా మేనేజరు, "నీకేం పోయేకాలం వచ్చిందయ్యా, ఎవరడిగారు నిన్ను?" అన్నాడు. ఆడిట్ కాగితాల మీద సంతకం పెట్టేవాడికి సర్టిఫికెట్ ఉండాలి గనక ఇప్పుడు ముసాబ్ పెడుతున్నాడు. నేను అతని కింద పనిచేస్తున్నాను. హోదా తగ్గింది, పని అదే.

లీలకు ముందే చెప్పలేదు. చెప్పిన రోజు భోజనానికి కూర్చున్నాను. అంతా విని, "ఇంకో చేపముక్క వేసుకోండి" అంది. వేసుకున్నాను. అంతే.

జాబేజ్ విషయం నాకు నిజంగా తెలియదు. అతనికి ఎవరు సంతకం పెట్టారో కనుక్కో.

క్రిస్మస్‌కి డ్యూటీ అన్నావు. ఉంటే చెయ్యి. లేకపోతే మేం టికెట్లు ఇంకా రద్దు చేయలేదు.

శాంసన్


ఖఫ్జీ
2018 జనవరి 20

తమ్ముడూ,

క్రిస్మస్‌కి నిజంగానే డ్యూటీ వేయించుకున్నాను. నీ ఉత్తరం డిసెంబర్ ఇరవై ఆరున చేరింది. పోస్టువాళ్ల మీద కోపం తెచ్చుకుందామంటే, ఫోన్ ఉండగా కాగితం పట్టుకున్నది నేనే. నువ్వు ఏడేళ్లు మనసులో మోసిన దాన్ని బయటపెట్టుకుంటే, జాబేజ్‌ను నువ్వు అమ్మేశావన్నట్టు మాట్లాడాను. తప్పయింది. పెద్దదాన్ని కదా, ఇంతకంటే వంగలేను, దీనితో సరిపెట్టుకో.

జాబేజ్‌ను పిలిపించాం. మీ బావగారి ముందు కూర్చోబెట్టి అడిగాను. తల దించుకుని చెప్పాడు.

"దిలావర్ భాయ్ అని ఒకాయన ఉన్నాడండి వదినా. మా మేనేజరు పంపాడు. నా మొహం కూడా చూడకుండా పెట్టేశాడండి."

"ఐదేళ్లని రాశాడా?"

"ఆరని రాశాడండి. ఒకటి ఎక్కువుంటే మంచిదన్నాడు."

ఆ దిలావర్ ఒక్క ఏడాదిలో నలభై మందికి సాక్షి సంతకం పెట్టాడట. సంస్థవాళ్లు ఆ నలభై మందివీ ఆపేశారు. నీ ఉత్తరానికీ దీనికీ సంబంధమే లేదు. మీ బావగారు, "శాంసన్‌కి నేను ఫోన్ చేస్తాను" అన్నారు. చేశారా? ఆయన చేశానంటున్నారు గాని ఆ మాట నేను నమ్మను, ఆయన క్షమాపణ అడగడం నా పెళ్లయ్యాక నేను చూడలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. మా డయాలిసిస్ వార్డుకి సాబేరా అని కడప పిల్ల కొత్తగా వచ్చింది. రోగి చేతిలో డయాలిసిస్ కోసం కలిపి కుట్టిన రక్తనాళంలో, అదే ఫిస్టులాలో, సూది గుచ్చడం సీనియర్ పక్కన ఉండగా ఇరవై ఐదుసార్లు చేస్తే, ఆ షీటు మీద సీనియర్ సంతకం పెట్టాలి. అప్పుడే ఆ పిల్ల ఒంటరిగా చేయొచ్చు. సాబేరావి పదిహేడు అయ్యాయి. ఆదివారం ఇన్‌స్పెక్షన్. గురువారం నా దగ్గరికొచ్చి, "అక్కా, మిగతా ఎనిమిదీ వచ్చేవారం చేసేస్తా. పెట్టండక్కా, మీకు తెలుసు కదా నా చెయ్యి బాగుంటాదని" అంది. నిజమే, చెయ్యి బాగుంటుంది. మంచి పిల్ల, వాళ్లమ్మ చేసిన పొడులు నాకూ తెచ్చి పెడుతుంది.

నేను పెట్టనన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "సూది పక్కకి పోతే చెయ్యి ఉబ్బేది నీది కాదు, ఆ ముసలాయనది" అన్నాను. ఇన్‌స్పెక్షన్‌లో ఆ పిల్ల పేరు పక్కన "ఇంకా శిక్షణలో" అని రాసుకున్నారు. కొంప మునగలేదు. నేను వరసగా నాలుగు షిఫ్టులు ఆమె పక్కన నిలబడి ఎనిమిదీ చేయించాను.

ఆ గురువారం పెన్ను జేబులో పెట్టుకుని బస్సెక్కి సగం దూరం వచ్చాక నువ్వు గుర్తొచ్చావు. బస్సులోనే నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పక్కనున్న ఫిలిప్పీన్స్ సిస్టరు టిష్యూ ఇచ్చింది.

ఇప్పుడు నా భయమంతా నీ గురించి. నీ దగ్గర నేర్చుకున్నవాడి కింద పనిచేయడమేమిటి? రేపు పొమ్మంటే? ఇక్కడ ఆయిల్‌ఫీల్డ్ కంపెనీలో స్టోర్స్ క్లర్కు పని ఉందట, మీ బావగారు మాట్లాడుతున్నారు. ప్రతి బుధవారం నీకోసం ఉపవాసముంటున్నాను. ఇక్కడి మన సిస్టర్లందరికీ చెప్పాను, అందరూ నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నారు.

ముద్దులు ఈసారి నీకు కూడా.

అక్క


రాబిగ్
2018 మార్చి 2

అక్కా,

బావగారు నిజంగానే ఫోన్ చేశారు. చందువా ధరల గురించి పావుగంట మాట్లాడి, "సరే మరి" అని పెట్టేశారు. అది క్షమాపణేనని లీల అంది.

మీ ఖఫ్జీనుంచి మొన్న ఒక సిస్టరు లీలకు ఫోన్ చేసి, "మీవారిని ఎప్పుడు విడుదల చేస్తారమ్మా?" అని అడిగిందట. నువ్వేం చెప్పావో, వాళ్లేం విన్నారో. నేను జైల్లో లేను. ఇంట్లో పెసరట్టు తింటున్నాను. దయచేసి వచ్చే బుధవారం అందరికీ చెప్పు. స్టోర్స్ క్లర్కు పని కూడా వద్దని బావగారితో చెప్పు. ర్యాకులెక్కడం నావల్ల కాదు.

ముసాబ్ గురించి బెంగపడకు. మొదటి వారం అతనికే ఇబ్బందిగా ఉండింది. నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడేవాడు, నన్ను పిలవడానికి మొహమాటపడి. ఇప్పుడు ఇద్దరికీ అలవాటైంది. నేను తనిఖీ చేసి రాస్తాను, అతను ప్రతి వరసా చదివి ప్రశ్నలడిగి సంతకం పెడతాడు. ఇదివరకు నేను రాసింది నేనే సంతకం పెట్టేవాణ్ణి, అడిగేవాడు లేడు. నిజం చెప్పాలంటే ఇప్పుడే పని శుభ్రంగా జరుగుతోంది.

జాబేజ్ నాకు ఫోన్ చేశాడు. ముందు సుజిత చదువు గురించి అడిగాడు. తర్వాత, "బావగారూ, నేను మళ్లీ మొదలెడితే చెబుతారా?" అన్నాడు. చెబుతానన్నాను. ఐదేళ్లు లేనివాళ్లకు కూడా దారి ఉంది అక్కా. పరీక్ష పాసైతే సహసభ్యుడంటారు, ఆ తర్వాత నిజంగా ఆ పని చేస్తూ ఏళ్లు పూర్తి చేసుకోవచ్చు. దిలావర్ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మేమిద్దరం ఒకే పుస్తకం చదువుతున్నాం. శుక్రవారం ఉదయం ఫోన్‌లో ఒకరినొకరం ప్రశ్నలు అడుగుతాం. అతను నన్ను రెండుసార్లు పట్టేశాడు.

సుజితకు సైకిల్ వచ్చింది. మోకాళ్లు రెండూ కొట్టుకుపోయాయి. సంతోషంగా ఉంది.

శాంసన్


ఖఫ్జీ
2018 జూలై 28

శాంసూ,

జైలు సంగతి అందరికీ చెప్పాను. ఒక పెద్దావిడ మాత్రం, "దేవుడు విడిపించాడు" అని ప్రార్థనలో సాక్ష్యం చెప్పేసింది. ఇక నేను సరిదిద్దలేదు.

జాబేజ్ కబురు నీకు సగమే తెలుసు. మిగతా సగం విను. అతని ఖోబర్ కంపెనీ ఎగ్జిట్ కొట్టేలోపే పసుపునుంచి ఎరుపుకి పడిపోయింది. ఎరుపులో ఉన్న కంపెనీ పనివాళ్లు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అనుమతి లేకుండానే వేరేచోటికి మారొచ్చట. కంపెనీకి కీడు, మావాడికి మేలు. జుబైల్లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ ఉందా అని అడిగితే, "రాబోయిందండి, తప్పుగా పాసయ్యానండి, ఆపేశారండి, మళ్లీ చదువుతున్నానండి" అన్నాడట. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తీసుకున్నారు. జీతం పాతదే. ఈసారి కేబుళ్లు కాదు, రోజూ కంప్యూటర్ల రికార్డులు చూసి వాటిలోకి ఎవరు వచ్చారో రాసే పని. అంటే నువ్వు చెప్పిన ఏళ్లు ఇప్పుడు మొదలయ్యాయి.

నిన్న మాత్రం పరీక్ష తప్పాడు. కొద్దిలో పోయిందట. నీకు చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు గనక నేను రాస్తున్నాను. మొహం వేలాడేసుకుని వస్తాడనుకుని చేపల పులుసు పెట్టి కూర్చున్నాను. వాడు నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏంట్రా, నవ్వుతున్నావు?"

"పోయినసారి ఎవరు పాసయ్యారో తెలీదు వదినా. ఈసారి ఫెయిలయ్యింది నేనేనండి. గ్యారంటీగా నేనే."

మీ బావగారు గట్టిగా నవ్వి, పొలమారి, నీళ్లు తాగారు. తర్వాత ఇద్దరూ కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. అక్టోబర్‌లో మళ్లీ రాస్తాడు.

నీ పరీక్ష కూడా ఈ నెలలోనే కదా? ఒక్క మాటా లేదు. తప్పినా చెప్పు, ఇక్కడ అలవాటైపోయింది.

సాబేరాను ఇప్పుడు కొత్తపిల్లల దగ్గర నిలబెట్టాం. ఎవరి షీటు మీదా లెక్క తక్కువైతే సంతకం పెట్టదు. నాకంటే కఠినం.

అక్క


రాబిగ్
2018 సెప్టెంబర్ 14

అక్కా,

పరీక్ష జూలై చివర్లోనే పాసయ్యాను. చెప్పకపోవడానికి కారణముంది, పాసవడంతో పని పూర్తి కాలేదు. కొత్తగా రాసినవాడితో సమానం కాబట్టి, నాకూ ఎవరో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. హైదరాబాద్‌లో పాత మిత్రులు ఇద్దరు పెడతామన్నారు. ఒకడు వివరాలు కూడా అడగలేదు. నేను ముసాబ్‌నే అడిగాను.

రెండు వారాలు పట్టించాడు. ఇక్కడి ఆరేళ్లూ తను కొంత చూశాడు, కొంత ఫైళ్లలో ఉంది. అవి ఒప్పుకున్నాడు. దరఖాస్తులో నేను రాసిన హైదరాబాద్ ఏళ్ల దగ్గర ఆగాడు. నా నియామక పత్రాలు అడిగాడు. అప్పటి మేనేజర్ ఖాదర్ మొహిద్దీన్ గారి నంబరు తీసుకుని తనే ఫోన్ చేశాడు. ఆయన ఇప్పుడు రిటైరై మనవలతో ఉన్నారు. నన్ను మెచ్చుకోవడం మొదలెడితే ముసాబ్ మర్యాదగా ఆపి, "ఏ తేదీనుంచి ఏ తేదీదాకా?" అని అడిగాడట.

మొన్న సాయంత్రం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఉస్తాద్, 2009లో ఈ నాలుగు నెలలకు కాగితం లేదు."

"లేదు. ఆ కంపెనీ మూసేశారు. పని మాత్రం చేశాను."

"చేశారనే నా నమ్మకం. కాని నాకు తెలిసినట్టు రాయలేను."

"అయితే తీసెయ్."

అతను గీత కొట్టాడు. కొట్టి నా మొహంలోకి చూశాడు, నొచ్చుకున్నానేమోనని. నేను నొచ్చుకోలేదు అక్కా. అడిగి, తరచి, కాదన్నది కొట్టేశాకే అతను మిగిలినదాని కింద సంతకం పెట్టాడు. తన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, మెల్లగా. సంతకం పెట్టాక లేచి నిలబడి చెయ్యి కలిపాడు. ఇద్దరం వెళ్లి క్యాంటీన్‌లో టీ తాగాం. ఏడాది క్రితం అతను అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పాను, హైదరాబాద్ పుస్తకం సంగతీ, ఈసారి ఎలా చదివానో, రెండూ.

నిన్న సర్టిఫికెట్ వచ్చింది. గోడకు కొట్టడానికి లీల మేకు వెతుకుతోంది. వద్దంటే వినడం లేదు.

వచ్చే గురువారం మేం ముగ్గురం దమ్మాం విమానానికి వస్తున్నాం. జాబేజ్ జుబైల్‌నుంచి కారు తెచ్చి ఎక్కించుకుంటానన్నాడు. దారంతా ప్రశ్నలడుగుతాడట. ఖఫ్జీ చేరేసరికి బాగా ఆకలేస్తుంది, వంట కాస్త ఎక్కువ చెయ్యి.

నీ తమ్ముడు,
శాంసన్